ఐరిష్ అని రాసిన ఏడు రీళ్ళు

నేను పదవీ విరమణ చేయడానికి ఏడాదిన్నర ముందు, ఒక అక్టోబరు సోమవారం నాడు, న్యూజెర్సీలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇంగ్లీషేతర ధ్వనిముద్రణల విభాగాన్ని నాకు అప్పగించారు. నా హోదా సీనియర్ క్యాటలాగర్. అప్పటికి అక్కడ నా సర్వీసు ఇరవై ఏడేళ్ళు. నాపైన విభాగాధిపతి మార్గరెట్, ఆమెపైన నేను ఏడాదికి రెండుసార్లు మాత్రమే చూసే డైరెక్టరు.

క్యాటలాగర్ అంటే అల్మారాల్లో పుస్తకాలు సర్దే మనిషని మా బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. సర్దేది వేరేవాళ్ళు. వచ్చిన వస్తువు ఏమిటి, ఎవరిది, ఏ భాషలో ఉంది, ఎక్కడ ఉండాలి అని నిర్ణయించి రికార్డు రాయడం మా పని. ఆ రికార్డులో తప్పు రాస్తే వస్తువు భవనంలో ఉన్నా లేనట్టే. ప్రతి రికార్డులోనూ భాషకు మూడక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. తెలుగుకి టి-ఇ-ఎల్, కన్నడానికి కె-ఎ-ఎన్. ఆ మూడక్షరాలకూ నాకూ పాత వైరం ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలుగు పుస్తకాలు రెండు బీరువాల నిండా కన్నడం కింద పడి ఉండడం చూశాను. నాకు ముందున్నాయన రెండు లిపులూ గుండ్రంగానే ఉన్నాయి కదా అని ఒకే కోడ్ కొట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది. చేరి మూడు నెలలు కూడా కాలేదన్న వెరపు లేకుండా రెండు పేజీల మెమో రాశాను. "భాష తెలియనప్పుడు తెలియదని రాయండి, పక్కింటివాడి పేరు పెట్టకండి" అన్నది దాని సారాంశం. తర్వాతి ఏళ్ళలో కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ మెమో ఇచ్చి చదివించేవారు. నేను దాన్ని ఫ్రేము కట్టించి నా బల్ల వెనక గోడకు తగిలించుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని.

కొత్త బాధ్యతలో నా చేతికి వచ్చిన మొదటి పెట్టెల్లో ఒకదానిలో ఏడు టేపు రీళ్ళున్నాయి. ఒహాయోలో ఎప్పుడో పోయిన ఒక ప్రొఫెసరుగారి సామాను నుంచి ఆయన కుటుంబం పంపింది. ఆయన ఒక వేసవిలో ఈరీ సరస్సు ఒడ్డు ఊళ్ళు తిరిగి, ఐరోపా నుంచి వలస వచ్చిన ముసలివాళ్ళ మాటలు రికార్డు చేశారట. పెట్టెమీద పెన్సిలుతో రెండే మాటలు: గేలిక్, ఒహాయో. లోపల చీటీ లేదు. ఏడు రీళ్ళలోనూ ఉన్నది ఒకే ముసలామె గొంతని తర్వాత తెలిసింది.

మా సిబ్బందిలో ఎవరికీ రాని భాష వస్తే దానికో పద్ధతి ఉంది. ఆ భాష తెలిసిన బయటి మనిషిని పిలిచి అయిదు నిమిషాలు వినిపిస్తాం. ఆయన ఒక ఫారం నింపి సంతకం పెడతాడు. దాన్ని లిజనర్ ఫారం అనేవాళ్ళం. ముందుపేజీలో భాష పేరు, అవును-కాదు గడులు, సంతకం. ఆ పేజీని స్కాన్ చేసి రికార్డుకు జతచేస్తాం. కాగితం ఫైల్లోకి పోతుంది.

గేలిక్ అంటే ఐరిష్ భాషే అనుకున్నాను. దానికి మా లిజనరు బ్రెండన్. ఐర్లండు పడమటి తీరంలో పుట్టి, ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, సాయంత్రాలు ఐరిష్ క్లాసులు చెప్పుకునే నెమ్మదస్తుడు. నవంబరులో వచ్చి, వినే గదిలోని టేప్ డెక్ మీద మొదటి రీలు అయిదు నిమిషాలు విన్నాడు. సగం తెలుస్తోందనీ, బాగా ముసలి గొంతనీ, ఏ మారుమూల యాసో చెప్పలేననీ అన్నాడు. చాలాసేపు రాసుకున్నాడు. నేను ఫారం అందుకుని చూశాను. ఐరిష్ అన్న పేరు పక్కన అవును గడిలో టిక్కు ఉంది. థాంక్స్ చెప్పి పంపి, ఐరిష్ కోడ్ జి-ఎల్-ఇ కొట్టి, తర్వాతి పెట్టె తెరిచాను.

వసంతకాలం వచ్చేసరికి జాగా కోసం ఏరివేత మొదలైంది. మరో గ్రంథాలయంలో మెరుగైన ప్రతి ఉన్న వస్తువుల్ని మేం విత్‌డ్రా చేస్తాం, అంటే లెక్కలోంచి తీసేస్తాం. ఇంకొక విశ్వవిద్యాలయం పంపిన జాబితాలో అదే ప్రొఫెసరు ఒహాయోలో రికార్డు చేసిన ఐరిష్ రీళ్ళు ఏడు, డిజిటల్ కాపీలతో సహా ఉన్నాయి. మనిషి అతనే, భాష అదే, సంఖ్య ఏడే. నకలు అని రాసి సంతకం పెట్టాను. విత్‌డ్రా అయిన వస్తువులు నలభై మైళ్ళ దూరంలోని మా అనెక్స్ గోదాముకి వెళతాయి. అక్కడ డబ్బాల్లో సీలు వేస్తారు. మూడు నెలలకోసారి కాంట్రాక్టరు ట్రక్కు వచ్చి తీసుకెళ్ళి ముక్కలు చేస్తుంది. ఆ విడత ట్రక్కు ఏప్రిల్లో ఒక గురువారం ఉదయం ఎనిమిదికి రావాలి.

దానికి రెండు రోజుల ముందు, మంగళవారం, నాకొక ఉత్తరం వచ్చింది. ఈమెయిల్ కాదు, చేత్తో రాసింది. రాసినావిడ రూత్ కార్లెట్, ఒహాయోలో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. తనకు ఆరేళ్ళప్పుడు ఒక ప్రొఫెసరు మెషీను పట్టుకుని తమ వంటింట్లోకి వచ్చి, నాయనమ్మ చేత వారం రోజులు మాట్లాడించుకుని వెళ్ళాడట. ఆయన సామాను మా గ్రంథాలయానికి చేరిందని ఈమధ్యే తెలిసిందట. ఆ గొంతు ఉందా అన్నది ప్రశ్న. చివర్లో ఇంకో వాక్యం ఉంది. నాయనమ్మ ఐరిష్ మనిషి కాదు, ఐర్లండుకీ ఇంగ్లండుకీ నడుమ సముద్రంలో ఉన్న మాన్ దీవి నుంచి వచ్చింది, మాట్లాడేది మాంక్స్. ఎవరైనా ఐరిష్ అంటే గరిటె పట్టుకుని లేచేది, కనుక దయచేసి ఆ పేరు కింద వెతకవద్దు.

లేచి ఆ ఏడు రీళ్ళ రికార్డు తెరిచి చూశాను. విత్‌డ్రా, గురువారం ట్రక్కు.

మొదట నాకు వచ్చింది కోపం, అదీ బ్రెండన్ మీద. ఉన్న విషయం చెప్పాలి కదా. ఫోన్ చేసి, మీరు ఐరిష్ అని టిక్కు పెట్టబట్టే ఇలా అయిందని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన అంతా విని, ఫారం వెనకపేజీ చూశారా అని అడిగాడు. ఆ ఫారానికి వెనక ఏమీ ఉండదు, తెల్లకాగితం అన్నాను. అందుకే అక్కడ రాశాను, ముందు చోటు లేదు కదా అన్నాడు.

ఫైల్ రూముకు వెళ్ళి కాగితం తీసి తిప్పాను. వెనకపేజీ నిండా ఆయన సన్నటి చేతిరాత. పైన మూడు వాక్యాలున్నాయి. "సగమే అర్థమైంది. మాట చివరి 'న్' ముందు చిన్న 'డ్' పలుకుతోంది, ఏ ఐరిష్ జిల్లాలోనూ ఇది వినలేదు. మాంక్స్ కావచ్చు, రెండో మనిషికి వినిపించండి." కింద, ఆయనకు అందిన మాటలు ఒక్కొక్కటే గీతలతో విడదీసి రాసి ఉన్నాయి. అయినా అవును అని టిక్కు ఎందుకు పెట్టాడంటే, మా ఫారంలో అవును, కాదు తప్ప మూడో గడి లేదు. ఆ ఫారం తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నాను.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. తెలుగుని కన్నడం అన్నందుకు రెండు పేజీలు రాసినదాన్ని, ఒక పేజీ తిప్పలేకపోయాను. ఆ ముసలామెకి పక్కింటివాళ్ళ పేరు పెట్టి, ఆమె గొంతును నా సంతకంతో ముక్కలు చేసే డబ్బాలోకి పంపాను. ఆ జాబితా మళ్ళీ చూస్తే, అందులోని ఏడు రీళ్ళూ ఐర్లండు నుంచి వచ్చిన వేరే మనుషులవి. ప్రపంచంలో ఆ గొంతుకి మరో ప్రతి ఉన్నట్టు దాఖలా లేదు.

నియమం ప్రకారం చేయాల్సింది తప్పు నివేదిక రాయడం. విభాగాధిపతి సంతకం పెడితే విత్‌డ్రా ఆగుతుంది. కాని మార్గరెట్ ఆ ఉదయమే సభలకని పడమటి తీరానికి విమానమెక్కింది. అక్కడి నుంచి సెలవు మీద వెళ్ళి సోమవారం గాని రాదు. ఫోన్‌కి దొరకలేదు. రెండు మెసేజీలు పెట్టాను. డైరెక్టరు ఆఫీసుకి చేస్తే, విభాగాధిపతి ద్వారానే రావాలని మర్యాదగా చెప్పారు. అనెక్స్‌కి నేరుగా ఫోన్ చేసి ఆపమంటే, క్యాటలాగర్ మాట మీద ఆపే అధికారం మాకు లేదన్నారు. వాళ్ళు అన్నది నిజమే.

ఆ సాయంత్రం ఇంట్లో కూర కింద మంట పెట్టి మరిచిపోయాను. మావారు మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. మాడు వాసన ఏ గదిలో ఉన్నా పట్టేస్తారు.

"ఏంటే, వంకాయ బొగ్గైపోతుంటే అలా నిలబడ్డావ్? ఆఫీస్‌లో ఏమన్నా అయిందా?" అన్నారు.

చెప్పాను. ఆయన స్టవ్ కట్టేసి, "నువ్వు పారేసింది ఎవరి నాయనమ్మనో కదా! మీ లైబ్రరీ రూల్స్‌లో దానికి శిక్ష ఏమిటో" అని వేళాకోళం చేయబోయి, నా మొహం చూసి ఆపేశారు. "పోనీ, మీ ల్యాబ్‌లో ఆ వరంగల్ కుర్రాడున్నాడుగా, అతన్ని అడుగు" అన్నారు. మావారి దృష్టిలో యాభై దాటనివాళ్ళంతా కుర్రాళ్ళే.

ఆ కుర్రాడు శ్రీకాంత్. వయసు నలభై ఎనిమిది. మా సంరక్షణ ల్యాబ్‌లో ఆడియో ఇంజినీరు. పదకొండేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఒకటే తగువు. నా మాట పుస్తకంలా ఉంటుందని అతను, అతని మాట నాకు ముప్పావు వంతే తెలుస్తుందని నేను. ఆ ముప్పావు గురించి నేను ఎప్పుడూ సరదాకే అనేదాన్ని.

బుధవారం ఉదయం ఏడున్నరకి అతను ల్యాబ్ తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. అంతా విని ఒక నిమిషం ఆలోచించాడు.

"అక్కా, ఒక తొవ్వ ఉంది. మెషీన్లు టెస్ట్ చేస్తందుకు విత్‌డ్రా అయిన టేప్‌లు ల్యాబ్ తీస్కోవచ్చు. టెస్ట్ మెటీరియల్ స్లిప్ అంటరు. నా సైన్ ఒక్కటి చాలు. ఎవ్వలు ఏం అడగరు."

"అడగకపోతే నా తప్పు కూడా ఎవరికీ తెలియదు కదా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కోడ్ చడీచప్పుడు లేకుండా మార్చేయవచ్చు. ఏడాదిలో రిటైరయ్యేదాన్ని. మెమో రాసిన మనిషి ఇలా చేసిందట అని కొత్తవాళ్ళు చెప్పుకోవడం ఊహించుకుంటే నాకు అన్నం సహించలేదు.

శ్రీకాంత్ నా వంక చూసి, "అది తర్వాత చూడుండ్రి. ముందుగాల టేప్‌లు తెద్దాం పాండ్రి" అన్నాడు. స్లిప్ రాశాడు. అబద్ధం కాగితమని ఇద్దరికీ తెలుసు.

అనెక్స్‌కి అతని కార్‌లోనే వెళ్ళాం. టర్న్‌పైక్ రహదారి మీద ఏదో యాక్సిడెంట్ వల్ల నలభై మైళ్ళకి రెండు గంటలు పట్టింది. నేను గడియారం చూడడం, అతను నన్ను చూసి రేడియో తగ్గించడం, ఇదే ప్రయాణమంతా. గోదాము పర్యవేక్షకురాలు స్లిప్ తీసుకుని, సీలు పడ్డ డబ్బాలు తెరవడానికి మాత్రం విభాగాధిపతి సంతకమే కావాలంది. మొత్తం పద్నాలుగు డబ్బాలు. పదకొండుకి ముందురోజే సీలు వేశారు. మావి ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పమంటే కంప్యూటర్ చూపించి నవ్వింది. విత్‌డ్రా చేసిన క్షణాన బార్‌కోడ్ రద్దవుతుంది. తర్వాత ఆ వస్తువుకి చిరునామా ఉండదు. ఆ నిబంధన నాకు తెలియనిది కాదు, దాన్ని ఇరవై ఏడేళ్ళుగా పాటిస్తున్నదాన్ని.

సీలు లేని మూడు డబ్బాలనూ ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాం. మొదటిదాంట్లో వీడియో క్యాసెట్లు. రెండోదాంట్లో ఏవో సంగీతం రికార్డులు. శ్రీకాంత్ నన్ను కూర్చోమన్నాడు. అతను మాత్రం మూడో డబ్బా వైపు పోకుండా, సీలు పడ్డ వరస వెంట వంగి నడుస్తూ వాసన చూడడం మొదలుపెట్టాడు. ఆ కాలపు టేపు ఒక రకం అసిటేట్‌తో చేస్తారు. అది పాడవుతుంటే వెనిగర్ వాసన వస్తుంది. పచ్చడి జాడీ మూత తీసినట్టు పుల్లగా, ముక్కుకి గుచ్చుకునేలా ఉంటుంది. సీలు డబ్బాల్లో ఏదైనా ఆ వాసన వేస్తే మా పని అయిపోయినట్టే. పదకొండు డబ్బాలూ చూసి లేచి, వీటిల్లో ఆ వాసన లేదు అన్నాడు. అప్పుడు మూడో డబ్బా దగ్గరికి వెళ్ళి మూత ఎత్తకుండానే తల ఊపాడు. ఏడు రీళ్ళూ అడుగున ఉన్నాయి. నేను గోదాము నేలమీదే కూలబడి కాసేపు ఏడ్చాను. పర్యవేక్షకురాలు మంచినీళ్ళు తెచ్చి, టెస్ట్ మెటీరియల్ కోసం ఇంతగా ఏడ్చినవాళ్ళని చూడలేదంది.

ల్యాబ్‌కి వచ్చాక కూడా గండం గడవలేదు. ఒక్క నిమిషం పెట్టి చూపించు, మాంక్స్ అవునో కాదో బ్రెండన్‌కి ఫోన్లో వినిపిస్తాను అన్నాను. శ్రీకాంత్ ససేమిరా అన్నాడు.

"ఉత్తగ చెక్ చేస్తందుకు పెట్టుడు లేదక్కా. గిది ఒక్కసారే నడుస్తది. నడిస్తే రికార్డ్ చేసుకుంటనే నడవాలె. మీరు నవంబర్‌ల డెక్ మీద పెట్టిండ్రు చూడుండ్రి, గప్పుడే దెబ్బ తగిలింది."

మొదటి రీలు బయటి చుట్లు చూపించాడు. వినే గదిలోని డెక్ కొత్తరకం టేపులకి బిగించింది, దాని లాగుడుకి ఈ టేపు అంచులు నలిగి పూత పొడిపొడిగా రాలిపోయింది. మొదటి నాలుగు నిమిషాలు పైచిలుకు ఇక ఎవరూ వినలేరు. భాష ఏదో తెలుసుకోవడానికి మేం వినిపించిన అయిదు నిమిషాల్లోవే అవి. వినిపించేటప్పుడు కాపీ తీసుకోవాలని మా పద్ధతిలో లేదు.

మిగతాదంతా దక్కించుకోవడానికి అతనికి మూడు రోజులు పట్టింది. చేతి గుడ్డ తొడుగులతో, తక్కువ లాగుడుతో, విరిగిన చోటల్లా అతికిస్తూ. నేను అద్దం అవతల కూర్చుని ప్రతి చుట్టూ కళ్ళతో లాగాను. శనివారం మధ్యాహ్నం చివరి రీలు ఆఖరి చుట్టు పూర్తయింది.

బ్రెండన్ వచ్చాడు. ఈసారి ఎవరికీ తొందర లేదు. మాన్ దీవిలో ఆ భాష నేర్పే ఒకావిడకి ఫైలు పంపాం. ఆమె మర్నాడే మాంక్స్ అని ధ్రువీకరించి, ఇలా పుట్టుకతో వచ్చిన మాంక్స్ వినడం అరుదని రాసింది. ఆమె పంపిన మాటల పట్టీ పక్కన పెట్టుకుని బ్రెండన్ నాకు రెండు భాషలూ వినిపించాడు. ఐరిష్‌లో ఒకటి నుంచి అయిదు దాకా ఏన్, దో, త్రీ, కాహర్, కూయిగ్. మాంక్స్‌లో నేన్, జీస్, ట్రీ, కేర్, క్వెగ్. రొట్టె అక్కడ అరాన్, ఇక్కడ అరన్. చేప ఈయస్క్, ఈస్ట్. మన లిపిలో ఇంచుమించుగా రాస్తున్నాను. రెండు భాషల్లోనూ క్రియ ముందు వస్తుంది. రెంటిలోనూ 'కలిగి ఉండు' అనే మాట లేదు. 'ఉంది రొట్టె నా దగ్గర' అంటారు. 'వచ్చావా' అంటే అవునని కాక 'వచ్చాను' అంటారు. ఈ చివరి రెండూ వింటుంటే, మన తెలుగులోనూ ఇంతే కదా అనిపించింది.

అయితే కాగితం మీద ఈ రెండూ ఎదురెదురు ఇళ్ళవాళ్ళలా కూడా ఉండవు. ఐరిష్‌కి సొంత వర్ణక్రమం ఉంది. మాంక్స్‌ని ఇంగ్లీషు స్పెల్లింగు పద్ధతిలో రాశారు. అదే పుస్తకమైతే నేను చచ్చినా పొరబడేదాన్ని కాదు. తెలుగు, కన్నడాల దగ్గర మోసపోయింది కన్ను. ఇక్కడ మోసపోయింది చెవి. లిపి చూసి తప్పు చేసేవాళ్ళని పట్టుకోవడం నేర్చిన మనిషికి, వినేచోట కూడా తప్పు ఉంటుందని తోచలేదు.

సోమవారం మార్గరెట్ వచ్చింది. కోడ్ చడీచప్పుడు లేకుండా మారిస్తే ఆ ఫారం రేపు ఇంకొకరి గొంతునీ ఇలాగే పంపేస్తుందని, నివేదిక రెండు కాగితాలుగా రాశాను. మొదటిదాంట్లో భాష తప్పు, వెనకపేజీ చదవకపోవడం, నకలు అని సంతకం చేయడం. రెండోది స్లిప్ గురించి. శ్రీకాంత్ తన పేరు వద్దనలేదు, నేను మాత్రం అడిగింది నేనే అని రాశాను. మార్గరెట్ రెండూ చదివి, ఒక తప్పు రిపోర్ట్ చేయడానికి వచ్చి రెండోది కూడా ఇచ్చావు, నాకిప్పుడు రెండు ఫారాలు నింపే పని అంది. శ్రీకాంత్‌కి ఒక హెచ్చరిక, నాకొకటి. నా సర్వీసులో అది మొదటిదీ చివరిదీ. బయటికి వెళ్ళేటప్పుడు నా గోడమీది ఫ్రేము వైపు చూసింది. ఆ సాయంత్రం దాన్ని దించి డ్రాయర్లో పెట్టాను.

రీళ్ళు ఉన్నాయని రాసిన నా జవాబు అందుకుని, మే నెలలో రూత్ ఒహాయో నుంచి తొమ్మిది గంటలు తానే కారు నడుపుకుంటూ వచ్చింది. పొట్టిగా, బలంగా, డెబ్భై దాటిన మనిషి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక గంట కదలకుండా విన్నది. మధ్యలో ఒకసారి నవ్వి, ఇది పక్కింటి కోడిని తిట్టడం, దీని అర్థం మాత్రం నాకు బాగా తెలుసు అంది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, మొదలు ఏది అని అడిగింది. మొట్టమొదట నాయనమ్మ తన పేరూ ఊరూ చెప్పిందట, తాను బల్లకింద కూర్చుని విన్నానంది. అంతదూరం వచ్చింది దాని కోసమేనంది.

ఆ ప్రశ్న వస్తుందని నాకు నెల రోజులుగా తెలుసు. రెండు రాత్రులు సమాధానం సిద్ధం చేసుకున్నాను. ఆ మాటలన్నీ పక్కన పెట్టాను. అది పోయింది, మా యంత్రంలో, మా పద్ధతి వల్ల పోయింది, పేజీ తిప్పి చదవనిది నేనే అని చెప్పాను. ఆమె హెడ్‌ఫోన్ల వైరు చుట్టి బల్లమీద పెట్టింది. తిడితే బాగుండుననిపించింది.

నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే. లిజనర్ ఫారం నకలు తీసి, వెనకపేజీ పైకి వచ్చేలా ఆమె ముందు పెట్టాను. మా దగ్గర ఆ నాలుగు నిమిషాలూ కాస్తయినా అర్థం చేసుకుంటూ విన్న మనిషి బ్రెండన్ ఒక్కడే. తనకు అందినంత మేర రాసుకున్నాడు. "నా పేరు", గీత. "దీవి", గీత. "ఇల్లు", గీత, గీత. "అమ్మ", "రొట్టె", "చేప", గీత, గీత. "ముగ్గురు", గీత. గీత ఉన్నచోటల్లా ఆయనకి అర్థం కాలేదన్నమాట.

రూత్ వేలుపెట్టి చదివింది. రెండోసారి చదివేటప్పుడు గీతల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. మొదటి గీత దగ్గర నాయనమ్మ పేరు చెప్పింది. రెండోదాని దగ్గర దీవిలోని ఊరు పేరు. ఇల్లు తర్వాత రెండు గీతలకి, సముద్రానికి ఎదురుగా, పొగగొట్టం వంకరగా అంది. ఎవరు మొదటిసారి ఇంటికొచ్చినా నాయనమ్మ ఇదే పాఠం అప్పగించేదట. ముగ్గురు అన్నదాని దగ్గర ఆగింది. ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురూ చేపలవేటలో పోయారు అంది. నా పెన్సిలు అడిగి తీసుకుని తనకు తెలిసిన గీతలన్నీ నింపింది. రెండు గీతలు మిగిలిపోయాయి. అవి తెలియదంది. తెలియదనే రాసింది.

ఆ కాగితం ఇప్పుడు ఆ రికార్డులో భాగం, రెండు పేజీలూ స్కాన్ చేసి ఉన్నాయి. కోడ్ జి-ఎల్-ఇ తీసి జి-ఎల్-వి అయింది, మారింది ఒక్క అక్షరం. నేను రిటైరయ్యేలోగా లిజనర్ ఫారం మార్పించాను. ఇప్పుడు మొదటి ప్రశ్న ఏ భాష అని కాదు. మీకు ఎంత అర్థం కాలేదు అన్నది. దానికి ముందుపేజీలోనే సగం చోటు ఉంది. కాపీ తీయకుండా ఏ టేపూ వినిపించకూడదు. విత్‌డ్రా అయినవాటికి ట్రక్కు ఎక్కేదాకా చిరునామా ఉంటుంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. మనిషికి తన భాషకి జరిగిన అన్యాయం తెలిసినంత మాత్రాన, పక్కవాడి భాష పట్ల జాగ్రత్త రాదు. దాన్ని విడిగా నేర్చుకోవాలి. ఎవరైనా సగం అర్థమైందంటే, మన పని మొదలయ్యేది మిగతా సగం దగ్గర.